మన తరం పొదుపు కథ: షేరు, బాండు, బంగారం, నగదు

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకులు అడిగారు. బడి చరిత్ర, ఊరి చరిత్ర రాయగలిగిన పెద్దలు మనలో ఉన్నారు. నేను మన బీరువాల చరిత్ర రాస్తాను. 1975 నుంచి 2025 దాకా, ఈ యాభై ఏళ్లలో మన తరం మధ్యతరగతి వాళ్లు దాచుకున్న డబ్బు ఏయే రూపాల్లో ఉంది, ఏది ఎప్పుడు పెరిగింది, ఏది ఎప్పుడు చేయిచ్చింది అన్నదే ఇందులో విషయం.

కాలక్షేపానికి రాస్తున్నది కాదు. తొలి బ్యాచ్‌ల మిత్రులు చాలామంది రిటైరయ్యారు. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ కలిపి జీవితంలో ఎన్నడూ చూడనంత మొత్తం ఒక్కసారిగా చేతికొస్తుంది. అప్పుడు ఇంట్లో మూడు సలహాలు వినిపిస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కోడలు షేర్లంటుంది. తొంభై ఏళ్ల అమ్మ బంగారమంటుంది. మనం బ్యాంకు డిపాజిట్ అంటాం. ముగ్గురూ చెప్పేది నిజమే. కాకపోతే ఎవరు చూసిన కాలాన్ని బట్టి వారు చెబుతున్నారు. యాభై ఏళ్ల చరిత్రను ఒక్కచోట పెట్టి చూస్తే ఏ ఒక్కరి మాటా పూర్తి నిజం కాదని తెలుస్తుంది.

1975లో మన ముందున్న దారులు

అప్పటికి పొదుపు అంటే పోస్టాఫీసు, బ్యాంకు, చిట్టీ, బంగారం, సెంటో కుంటో నేల. 1969లో పద్నాలుగు బ్యాంకులు జాతీయమయ్యాయి. పల్లెలకు శాఖలు వచ్చాయి. మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980లో రెండో విడతలో జాతీయమైంది. ప్రభుత్వ బ్యాంకులో డబ్బు పోదన్న ధైర్యం మన తండ్రులకు అలా వచ్చింది.

డబ్బు పోలేదు కానీ దాని విలువ పోయింది. 1974-75లో దేశంలో టోకు ధరలు ఒక్క ఏడాదిలోనే నాలుగో వంతు పెరిగాయి. బ్యాంకులు దీర్ఘకాల డిపాజిట్ మీద ఇచ్చిన వడ్డీ పది శాతానికి మించలేదు. లెక్కల మాస్టారు చెప్పిన చక్రవడ్డీ పుస్తకంలో సరిగ్గానే ఉంది, అంగట్లో బియ్యం ధర మాత్రం దాన్ని దాటిపోయింది. డిపాజిట్‌లోనూ నష్టం ఉంటుందని, అది పాసుపుస్తకంలో కనిపించదని మన తరానికి దొరికిన మొదటి పాఠం ఇది.

బంగారం సంగతి మరో రకం. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. కొత్త నగలు పద్నాలుగు క్యారెట్లకు మించకూడదన్నారు. ఎందరో కంసాలుల జీవనం దెబ్బతిన్నది. 1968 చట్టం ప్రకారం మామూలు మనుషులు కడ్డీలు, బిళ్లలు దగ్గర పెట్టుకోకూడదు. ఆ చట్టం 1990 దాకా నడిచింది. అయినా మన ఇళ్లలో నాంతాడు, కాసులపేరు, గాజులు ఆగలేదు. ఆడపిల్లకు తనదంటూ ఉండే ఆస్తి అదొక్కటే అయిన రోజుల్లో ఏ చట్టమూ దాన్ని ఆపలేకపోయింది. 1975లో పది గ్రాముల ధర సుమారు 540 రూపాయలు. 1980 నాటికి 1,300 దాటింది. ఆ అయిదేళ్లలో అమ్మమ్మల మాటే నెగ్గింది.

షేర్లు అప్పట్లో బొంబాయి, కలకత్తా వాళ్ల వ్యవహారం. 1973 నాటి విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం వల్ల విదేశీ కంపెనీలు తమ వాటాలు కొంత మన ప్రజలకు అమ్మాల్సి వచ్చింది. ధర నిర్ణయించేది ప్రభుత్వ అధికారి కాబట్టి షేర్లు చవకగా దొరికాయి. 1977లో రిలయన్స్ పది రూపాయల షేర్లు జారీ చేస్తే దాదాపు 58 వేల మంది తీసుకున్నారు. మన ఊళ్లలో ఆ దరఖాస్తు ఫారం చూసినవాళ్లు అరుదు.

స్థిర వడ్డీకి మంచి రోజులు

1980ల మధ్య నుంచి 2000 దాకా జీతగాళ్లకు స్వర్ణయుగమని చెప్పాలి. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు మీద 1986 నుంచి 2000 జనవరి దాకా పన్నెండు శాతం వడ్డీ, దానిపై పన్ను లేదు. 1986లో వచ్చిన ఇందిరా వికాస్ పత్రం అయిదేళ్లలో రెట్టింపయ్యేది. 1988లో వచ్చిన కిసాన్ వికాస్ పత్రానికి అయిదున్నరేళ్లు పట్టేది. చాలామంది ఉపాధ్యాయుల ఇళ్లు, పిల్లల ఇంజనీరింగ్ ఫీజులు ఆ పత్రాల మీదే నడిచాయి.

ఆ కాలం చూసినవారికి స్థిర వడ్డీయే సత్యమనిపించడం సహజం. కానీ పన్నెండు శాతం ఎవరి హక్కూ కాదు, ఆనాటి ధరల పరిస్థితిని బట్టి వచ్చిన అంకె. పి.పి.ఎఫ్. వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. కిసాన్ వికాస్ పత్రం రెట్టింపు కావడానికి ఇప్పుడు 115 నెలలు, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు పడుతుంది. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో తెలుస్తుందన్న పాత కిటుకుతో సరిచూసుకోండి.

బాండు గురించి మరొక్క మాట. ప్రభుత్వ బాండు మీద వచ్చే వడ్డీ మారదు. బయట వడ్డీలు మారితే బాండు ధర మారుతుంది. పదకొండు శాతం ఇచ్చే బాండు చేతిలో ఉండగా బయట రేటు అయిదుకు పడితే అందరికీ అదే కావాలి, కాబట్టి దాని ధర పెరుగుతుంది. 2000 నుంచి 2003 మధ్య మన దేశంలో సరిగ్గా అదే జరిగింది. వడ్డీలు పెరిగితే ఇందుకు తిరుగుడుగా ధర పడుతుంది. ఈ ఎగుడుదిగుళ్లు గడువు దాకా ఉంచుకునేవాడిని బాధించవు, మధ్యలో అమ్ముకోవాల్సిన వాడిని బాధిస్తాయి.

షేర్ల ఉప్పెన, ఆ తర్వాతి ఎండ

1978-79ని నూరుగా పెట్టుకుని లెక్కించే సెన్సెక్స్ 1990 జూలైలో వెయ్యి దాటింది. 1992 ఏప్రిల్‌లో 4,467కి చేరింది. ఆ నెలలోనే హర్షద్ మెహతా వ్యవహారం బయటపడింది. ఏడాది తిరిగేసరికి సూచీ సగానికి పడిపోయింది. ఆనాడు సెక్యూరిటీస్ బోర్డు, ఎలక్ట్రానిక్ డిపాజిటరీ వంటి ఏర్పాట్లు శైశవంలో ఉన్నాయి, కొన్ని పుట్టనే లేదు. షేరు సర్టిఫికెట్ టపాలో పోతే పోయినట్టే.

ఆ తర్వాత సంఖ్య చూడండి. 2003 ఏప్రిల్‌లో సెన్సెక్స్ మూడు వేల దగ్గరుంది. అంటే 1992 శిఖరంలో కొన్నవాడు పదకొండేళ్లు కాచుకున్నా అసలు రాలేదు. అదే డబ్బు పోస్టాఫీసులో ఉంటే మూడు రెట్లు అయ్యేది. "షేర్లు దీర్ఘకాలంలో లాభమే" అని ఇప్పుడు అందరూ అంటారు. మాట నిజమే. నూరుతో మొదలైన సూచీ 2024 సెప్టెంబరులో 85 వేలు దాటింది. ఏడాదికి సగటున పదిహేను శాతం చిల్లర, డివిడెండ్లు అదనం. అయితే ఆ సగటు లోపల పదకొండేళ్ల ఎండ కూడా ఉంది. 58వ ఏట రిటైరైన మనిషికి పదకొండేళ్లు చిన్న కాలం కాదు.

పైన చీటీ ఒకటి, లోపల సరుకొకటి

మన వాళ్లకు జరిగిన నష్టాల్లో పెద్దవి కొన్ని ధరలు పడటం వల్ల కాక, డబ్బు ఎక్కడుందో తెలియకపోవడం వల్ల జరిగాయి.

యూనిట్ ట్రస్టు వారి యు.ఎస్.-64 పథకం 1964లో మొదలైంది. ప్రభుత్వం వెనుక ఉందని నమ్మి జనం దాన్ని డిపాజిట్‌లా చూసుకున్నారు. కానీ పోనుపోను ఆ పథకం లోపల షేర్లు పెరిగిపోయాయి. 2001 జూలైలో యూనిట్ల అమ్మకం, తిరిగి కొనుగోలు ఆరు నెలలు ఆపేశారు. పింఛను డబ్బంతా అందులో పెట్టుకున్నవారు పెళ్లి ఖర్చులకు తీసుకోలేక నిలబడిపోయారు. అదే ఏడాది హైదరాబాద్‌లో కృషి సహకార పట్టణ బ్యాంకు కుప్పకూలింది. డిపాజిట్‌కు అప్పటి బీమా పరిమితి లక్ష రూపాయలు. ఒక శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని మొత్తం అక్కడే పెట్టినవారికి ఆ లక్షే దిక్కయింది. 2020లో పరిమితిని అయిదు లక్షలు చేశారు.

2004లో మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు దెబ్బతిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. డిపాజిట్‌దారులకు పైసా పోలేదు. షేరుదారులకు పైసా రాలేదు. ఒకే బ్యాంకు, ఒకే భవనం. అప్పు ఇచ్చినవాడికీ భాగస్వామికీ తేడా ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తరగతిలో దొరకదు.

2009 జనవరి 7 తెలుగువారికి మరువలేని రోజు. సత్యం కంప్యూటర్స్ అధిపతి తన లెక్కలు తప్పని ఉత్తరం రాశారు. ఒక్క రోజులో షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా ఆవిరైంది. ఆ కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఆ కంపెనీ షేర్లే దాచుకున్నవారికి జీతం, పొదుపు రెండూ ఒకే పూట ప్రశ్నార్థకమయ్యాయి. అన్నం పెట్టే చోటే ఆస్తి కూడా పెట్టకూడదని ఆ రోజు చెప్పింది.

బంగారం నిద్ర, మెలకువ

బంగారం ఎప్పుడూ పెరుగుతుందన్న మాటకూ చరిత్ర ఒప్పుకోదు. 1996లో పది గ్రాములు సుమారు 5,100 రూపాయలు. 2002లో అయిదు వేల లోపే. ఆరేళ్లు కదలలేదు. నిద్రపోయే బంగారానికి వడ్డీ రాదు, అద్దె రాదు. నగ రూపంలో ఉంటే తరుగు, మజూరీ కింద కొంత ముందే పోతుంది.

అమెరికాలో పరిస్థితి మరీ ఘోరం. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకిన బంగారం 1999లో 252 డాలర్లకు దిగింది. అదే కాలంలో మన దగ్గర రూపాయల్లో బంగారం మూడు రెట్లు పెరిగింది. కారణం బంగారం కాదు, రూపాయి. డాలరు ఎనిమిది రూపాయల నుంచి 43 రూపాయలకు చేరింది. అంటే మన ఇళ్లలో బంగారం చేసిన పని రూపాయి పడినప్పుడు కాపు కాయడం. అయినా ఆ పంతొమ్మిదేళ్లలో మామూలు బ్యాంకు డిపాజిట్టే దాన్ని మించిపోయిందని మరవకూడదు.

1991లో దేశానికే ఆ కాపు అవసరమైంది. విదేశీ చెల్లింపులకు డబ్బు లేక ఆ జూలైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని తాకట్టుకు బయటికి పంపింది. ఇంటి ఇల్లాలు గాజులు తీసి ఇచ్చినట్టే. 2009లో అదే రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నులు కొన్నది. 2015 నవంబరులో ప్రభుత్వం గ్రాము 2,684 రూపాయలకు పసిడి బాండ్లు తొలిసారి జారీ చేసింది. ఎనిమిదేళ్ల తర్వాత 6,132 చొప్పున తిరిగి చెల్లించింది, మధ్యలో వడ్డీ అదనం. 2025లో పది గ్రాములు లక్ష రూపాయలు దాటింది. 1975తో పోలిస్తే ఏడాదికి సగటున సుమారు పదకొండు శాతం.

జోస్యం మానుకున్న జోస్యుడు

ఇక్కడ ఒక అమెరికన్ ఆలోచన చెప్పాలి. హ్యారీ బ్రౌన్ అనే రచయిత 1970లో డాలరు విలువ తగ్గబోతోందని, బంగారం కొనమని పుస్తకం రాశాడు. 1971 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న లంకె తెంపాడు. బ్రౌన్ పేరు మారుమోగింది. చిత్రమేమంటే, జోస్యంతో పేరు తెచ్చుకున్న ఆ మనిషే తర్వాత ఎవరి జోస్యాన్నీ నమ్మి పొదుపు పెట్టవద్దన్నాడు. 1987లో వచ్చిన పుస్తకంలో డబ్బును నాలుగు సమభాగాలు చేయమన్నాడు: షేర్లు, దీర్ఘకాల ప్రభుత్వ బాండ్లు, బంగారం, నగదు. వ్యాపారం బాగున్నప్పుడు షేర్లు ఆదుకుంటాయి. ధరలు మండినప్పుడు బంగారం, ధరలూ వడ్డీలూ పడినప్పుడు బాండ్లు, డబ్బు దొరకని కాలంలో నగదు. ఆ ఏడాది అక్టోబరు 19న అమెరికా షేర్ల సూచీ ఒక్క రోజులో 22.6 శాతం పడింది.

ఈ ఆలోచన మన మెట్ట రైతుకు కొత్త కాదు. జొన్న చేలో కంది సాళ్లు వేసేవాడికి ఏ ఏడు ఏ వాన పడుతుందో తెలియదు. తెలియదు కాబట్టే రెండూ వేస్తాడు. జొన్న మంచి ఊపు మీదున్న ఏడు కంది సాలు దండగని అనిపిస్తుంది. వాన ముఖం చాటేసిన ఏడు ఇంటికి పప్పు తెచ్చేది ఆ సాలే.

నాలుగు సమభాగాలే కావాలని నేననను. ముప్పై ఏళ్ల వయసువాడికి షేర్ల వాటా ఎక్కువ ఉండవచ్చు. మన వయసుకు బాండ్లు, డిపాజిట్లు ఎక్కువ కావాలి. ముఖ్యమైనది ఆ నిష్పత్తిని ఏడాదికొకసారి తిరిగి సరిచేసుకోవడం.

2008 చెప్పిన లెక్క

పెరిగినదాన్ని కొంత అమ్మి తగ్గినదాన్ని కొనడం మనసుకు ఎదురీత. అది ఏం చేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. 2007 చివర సెన్సెక్స్ 20,287. 2008 చివర 9,647. బంగారం రూపాయల్లో ఆ ఏడాది పావు వంతుకు పైగా పెరిగింది. సులువుగా పావు వంతనే అనుకుందాం.

రెండు లక్షలూ షేర్లలో పెట్టినవాడికి ఏడాది చివర మిగిలింది 95 వేలు. లక్ష షేర్లలో, లక్ష బంగారంలో పెట్టినవాడికి 47,500, లక్షా పాతిక వేలు, మొత్తం 1,72,500. పోయింది పద్నాలుగు శాతం లోపే. ఇప్పుడు అతను కొంత బంగారం అమ్మి రెండింటినీ 86,250 చొప్పున సమం చేశాడనుకుందాం. 2009లో సెన్సెక్స్ 81 శాతం పెరిగింది, బంగారం సుమారు అయిదో వంతు. అతని మొత్తం 2,59,600 అవుతుంది. సమం చేయకుండా వదిలేస్తే 2,36,000. పన్ను, ఖర్చులు తీసేస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది.

ప్రతిసారీ ఇలా లాభమొస్తుందని కాదు. షేర్లు ఏళ్ల తరబడి ఏకధాటిగా పెరిగే కాలంలో సమం చేసుకునేవాడు వెనకబడతాడు. పక్కింటాయన ముందు చిన్నబోతాడు. దానికి బదులుగా అతనికి దొరికేది నష్టం సగానికి పోకుండా పద్నాలుగు శాతం దగ్గర ఆగడం. 2008లో భయపడి అంతా అమ్మేసుకున్నవారు 2009 పెరుగుదలను చూడలేదు. తట్టుకోగలిగినంత నష్టమే ఉంటే మనిషి పారిపోడు.

నగదు పని నగదుదే

నాలుగింటిలో చులకనగా చూసేది నగదునే. 2020 మార్చి 23న కరోనా భయంతో సెన్సెక్స్ ఒక్క రోజులో 13 శాతం పడి 25,981 దగ్గర ముగిసింది. ఆ నెలల్లో ఆసుపత్రికి కట్టడానికి షేర్లు అమ్మాల్సి వచ్చినవారికి సరైన ధర రాలేదు. సేవింగ్స్ ఖాతాలో ఏడాది ఖర్చు ఉన్నవారు అమ్మలేదు. పది నెలలకే సూచీ 50 వేలు తాకింది. నగదు సంపాదించి పెట్టదు కానీ మిగతా మూడింటినీ తప్పు రోజున అమ్ముకోకుండా ఆపుతుంది. నగదంటే ఇనప్పెట్టె అని కాదు. 1978 జనవరిలోనూ 2016 నవంబరు 8నా పెద్ద నోట్లు చెల్లవన్నప్పుడు ఇనప్పెట్టెలు ఏమయ్యాయో అందరికీ తెలుసు.

ఇల్లు, స్థలం లెక్కలో చేర్చలేదేమని అడుగుతారు. మన వాళ్ల ఆస్తిలో పెద్ద వాటా అదే. కానీ కూతురి ఆపరేషన్‌కు వంటగది ఒక్కటీ అమ్మలేం. కాబట్టి ఉండే ఇంటిని పక్కన పెట్టి మిగతాదాన్నే నాలుగు చోట్ల సర్దుకోవాలి.

మన సంఘానికి, మన ఇంటికి

ఈ చరిత్ర బడికి కూడా వర్తిస్తుంది. వెనకటి దాతలు పదో తరగతిలో ప్రథమ స్థానానికి బహుమతిగా వెయ్యి రూపాయల డిపాజిట్ వేసేవారు. పది శాతం వడ్డీకి ఏడాదికి నూరు రూపాయలు. ఆ రోజుల్లో దానితో నిఘంటువు, కలం వచ్చేవి. ఆరున్నర శాతం వడ్డీకి అది ఇప్పుడు 65 రూపాయలు. అసలు భద్రంగానే ఉంది, దాత ఉద్దేశమే కరిగిపోయింది. పన్ను మినహాయింపు పొందిన సంస్థలు నిధులను ఎక్కడ పెట్టవచ్చో చట్టమే జాబితా ఇస్తుంది, మనకు నచ్చిన షేర్లు కొనడానికి వీలుండదు. కనీసం ఏటా వడ్డీలో కొంత భాగాన్ని అసలులో కలపాలని శాశ్వత నిధి నిబంధనల్లో రాసుకుంటే, వజ్రోత్సవం నాటికి మనం పెట్టిన బహుమతులు పరిహాసం కాకుండా ఉంటాయి. కార్యవర్గం ఈ విషయం ఆలోచించాలని మనవి.

మిత్రులకు మరొక మనవి. ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఒక గడిలో. డిపాజిట్లు, పత్రాలు, బాండ్లు ఒక గడిలో. బంగారం ఒకదాంట్లో, వెంటనే తీయగల నగదు ఒకదాంట్లో. ఎంత ఉందో, ఎక్కడుందో, నామినీ ఎవరో రాయండి. రాసి భార్యకో భర్తకో చూపించండి. మనం పోయాక ఏ బ్యాంకులో ఏముందో తెలియక తిరిగే కుటుంబాలను మనందరం చూశాం. ఏ గడి మరీ ఉబ్బిందో, ఏది ఖాళీగా ఉందో ఆ కాగితమే చెబుతుంది. వచ్చే యాభై ఏళ్లలో ఈ నాలుగింటిలో ఏది ముందుంటుందో 1975లో మన తండ్రులకు తెలియనట్టే ఇప్పుడు మనకూ తెలియదు. ఏటా ఉగాదికో ఆర్థిక సంవత్సరం మొదటి వారంలోనో ఒక గంట కూర్చుని ఆ నాలుగు గళ్లూ సరిచేసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.